రెండవ కుర్చీలో మనిషి

1958 జూన్‌లో స్వీడను దేశంలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి. పెలే అనే పదిహేడేళ్ళ కుర్రవాడు లోకానికి తెలిసింది ఆ పోటీల్లోనే. ఆటల సంగతి బొత్తిగా పట్టించుకోనివారికి కూడా ఆ పేరు తెలుసు. కాని ప్రపంచ పోటీల్లో పెలే మొట్టమొదటి గోలు ఏ దేశం మీద కొట్టాడు అని అడిగితే చెప్పగలవారు తక్కువ. అది వేల్సు మీద. ఆ వేల్సు జట్టును అంతదూరం నడిపించుకు వచ్చిన మేనేజరు ఎవరు అని అడిగితే చెప్పగలవారు మరీ తక్కువ. ఆయన పేరు జిమ్మీ మర్ఫీ.

స్వీడనుకు వెళ్ళడానికి సరిగ్గా నాలుగు నెలల ముందు ఆయన నెత్తిన పడిన భారం మరే మేనేజరు నెత్తినా పడి వుండదు. తన చేతుల మీదుగా పెరిగిన కుర్రవాళ్ళను వరుసగా మట్టిలో పెట్టించి, మిగిలినవారిని పోగుచేసి ఒక జట్టును నిలబెట్టి, ఆ తర్వాత తన దేశపు జట్టును వెంటబెట్టుకుని స్వీడనుకు బయలుదేరాడు. పని ముగియగానే వచ్చి మళ్ళీ తన పాత చోటులోనే, అంటే మరొకరి పక్కన వున్న రెండవ కుర్చీలో, కూర్చున్నాడు. ఈ వారం ఆయన కథ చెప్పుకుందాం.

బొగ్గు లోయ

బ్రిటను అంటే ఒక్క ఇంగ్లండే అని అనుకోవడం మనలో కద్దు. ఆ దీవికి పడమటి పక్కన కొండలూ లోయలూ నిండిన చిన్న దేశం వేల్సు. వారి భాష వేరు, పాటలు వేరు, పౌరుషం వేరు. ఫుట్‌బాల్ మైదానంలో ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండు నాలుగూ నాలుగు దేశాలుగానే ఆడతాయి. వేల్సుకు దక్షిణాన రోండా అని ఒక లోయ వుంది. ఒకప్పుడు లోకంలో ఎన్నో ఓడలు ఆ ప్రాంతపు బొగ్గుతో నడిచాయి. కొండవాలున వరసగా ఒకే తీరున కట్టిన ఇళ్ళు, పగలంతా గనిలో చాకిరీ, ఆదివారం నాడు ప్రార్థనామందిరంలో పదిమందీ కలిసి గొంతెత్తి పాడే పాట, సెలవు దొరికితే బంతి ఆట. ఆ లోయ బతుకంతా ఇంతే.

ఆ లోయలో పెంత్రె అనే ఊళ్ళో 1910 ఆగస్టు 8వ తేదీన జిమ్మీ మర్ఫీ పుట్టాడు. తల్లిది వేల్సు, తండ్రిది ఐర్లండు. కుర్రవాడికి సంగీతం అబ్బింది. చర్చిలో ఆర్గను వాయించేవాడు. బంతి ఆట అంతకన్న బాగా అబ్బింది. బడిపిల్లల వేల్సు జట్టులో ఆడాడు. 1928లో ఇంగ్లండులోని వెస్ట్ బ్రామ్విచ్ ఆల్బియన్ అనే పేరున్న క్లబ్బు ఆయన్ను చేర్చుకున్నది. గనిలోకి దిగకుండా బయటపడడానికి ఆ లోయ పిల్లలకు వున్న కొద్ది దారుల్లో బంతి ఒకటి.

ఆయన ఆడిన స్థానం హాఫ్‌బ్యాకు. గోళ్ళు కొట్టి పత్రికల్లో బొమ్మ వేయించుకునే స్థానం కాదది. ఎదుటివాడి కాలి దగ్గర బంతి లాక్కుని తనవాడి కాలికి అందించడం అక్కడి పని. మర్ఫీ ఆ పనిని కరుకుగా, గట్టిగా చేసేవాడు. ఆల్బియన్ తరఫున రెండు వందలకు పైగా మ్యాచిలు ఆడాడు. వేల్సు తరఫున 15 సార్లు ఆడాడు. 1935లో వెంబ్లీ మైదానంలో కప్పు ఫైనల్ దాకా వెళ్ళి షెఫీల్డ్ వెన్స్‌డే జట్టు చేతిలో 4-2తో ఓడిపోయిన జట్టులో ఆయన ఒకడు. 1939లో స్విండన్ టౌన్ క్లబ్బుకు మారాడో లేదో, యుద్ధం వచ్చిపడింది. దానితో ఆయన ఆట ముగిసింది. ఇంతవరకు చూస్తే ఆయనది మంచి ఆటగాడి జీవితమే గాని గొప్ప ఆటగాడి జీవితం అనలేము.

బారీలో కలిసిన ఇద్దరు

యుద్ధంలో మర్ఫీ ఉత్తరాఫ్రికాలోనూ ఇటలీలోనూ పనిచేశాడు. 1945లో ఇటలీ దక్షిణ తీరాన బారీ అనే రేవుపట్టణంలో సైనికుల ఆటల వ్యవహారం ఆయన చూస్తున్నాడు. ఒకనాడు ఆటగాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని ఆట గురించి మాట్లాడుతున్నాడు. ఆ దారిన వచ్చిన మరొక ఫుట్‌బాల్ ఆటగాడు నిలబడి విన్నాడు. ఆయన మాట్ బస్బీ, స్కాట్లండువాడు. బాంబులు పడి మైదానం కూడా పాడైపోయిన మాంచెస్టర్ యునైటెడ్ అనే క్లబ్బుకు మేనేజరుగా వెళ్ళబోతున్నాడు. మర్ఫీ మాటల్లోని వేడి చూసి, సైన్యం నుంచి విడుదల కాగానే నా దగ్గరకు వచ్చెయ్యమన్నాడు. బస్బీ తన కొలువులోకి తీసుకున్న మొదటి మనిషి మర్ఫీయే. ఆట ఆడడం చూసి కాదు, ఆట గురించి మాట్లాడడం విని ఇచ్చిన ఉద్యోగం అది.

ఇద్దరి స్వభావాలూ వేరు. బస్బీ నెమ్మది మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. మర్ఫీ నిప్పుకణిక; అరుస్తాడు, చేతులు ఊపుతాడు, తిడతాడు, తిట్టిన నోటితోనే బుజ్జగిస్తాడు. బస్బీకి ఒక ఆలోచన వున్నది. డబ్బు పోసి పేరున్న ఆటగాళ్ళను కొనుక్కోవడం కాదు, పదిహేను పదహారేళ్ళ పిల్లలను తెచ్చి ఇంట్లో పెంచినట్టు పెంచాలి. ఆ పెంపకం మర్ఫీ చేతిలో పడింది. వానలో, మంచులో, అందరూ ఇళ్ళకు పోయిన తర్వాత కూడా ఒక కుర్రవాణ్ణి పట్టుకుని ఒకే దెబ్బ వందసార్లు కొట్టించేవాడు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు దేశమంతటికీ కలిపి యూత్ కప్పు అని 1952లో ఒక పోటీ పెట్టారు. మొదటి అయిదేళ్ళూ వరసగా మాంచెస్టర్ పిల్లలే గెలిచారు. బాబీ చార్ల్టన్ వంటి మహా ఆటగాడు తన ఆటను తీర్చిదిద్దినవాడు మర్ఫీయేనని పెద్దవాడైన తర్వాత పలుమార్లు చెప్పుకున్నాడు.

ఆ పిల్లలందరిలోకీ మర్ఫీ కన్ను ఎక్కువగా నిలిచింది డంకన్ ఎడ్వర్డ్స్ మీద. ఒక కథ చెప్పుకుంటారు. వేల్సు జట్టు ఇంగ్లండుతో ఆడబోతున్న రోజున వేల్సు మేనేజరుగా మర్ఫీ, ఇంగ్లండు ఆటగాళ్ళలో ఒక్కొక్కరి లోటుపాట్లు తనవాళ్ళకు వివరించాడట. అందరి పేర్లూ వచ్చాయి, ఎడ్వర్డ్స్ పేరు రాలేదు. రెజ్ డేవీస్ అనే ఆటగాడు అతని సంగతేమిటని అడిగాడు. నాయనా, నువ్వు అతని దారికి అడ్డం వెళ్ళకుండా వుంటే చాలు అన్నాడట మర్ఫీ. శిష్యుణ్ణి ఎదుటి జట్టులో చూసి గురువు ఇవ్వగలిగిన సలహా అంతకన్న ఏముంటుంది!

చీటీలో వచ్చిన అవకాశం

1956లో వేల్సు సంఘం మర్ఫీని తమ దేశపు జట్టుకు మేనేజరుగా వేసుకున్నది. ఇది పూర్తికాలపు ఉద్యోగం కాదు. దేశానికి మ్యాచి వున్నప్పుడు వెళ్ళి రావడం, తక్కిన రోజుల్లో మాంచెస్టరులో బస్బీ పక్కన పనిచేయడం. మాంచెస్టరులో రెండవవాడైన మనిషి కార్డిఫ్‌లో మొదటివాడు అయ్యాడు.

1958 ప్రపంచ పోటీలకు చేరడానికి వేల్సు ముందు చెకొస్లొవేకియా, తూర్పు జర్మనీలతో ఆడింది. స్వంత గడ్డ మీద రెండూ గెలిచింది, పరాయి గడ్డ మీద రెండూ ఓడింది. చెకొస్లొవేకియా ముందుకు పోయింది, వేల్సు ఇంటికి వచ్చింది. అంతటితో కథ ముగియవలసిందే. కాని మరొకచోట విచిత్రం జరిగింది. ఆసియా, ఆఫ్రికా ఖండాల తరఫున ఇస్రాయేలుతో ఆడవలసిన దేశాలు రాజకీయ కారణాల వల్ల ఒకదాని తర్వాత ఒకటి తప్పుకున్నాయి. ఒక్క మ్యాచి కూడా ఆడకుండా ఎవరినీ ప్రపంచ పోటీలకు రానివ్వకూడదని పెద్దలు నిశ్చయించి, ఓడిపోయి ఇంట్లో కూర్చున్న దేశాల పేర్లతో చీటీలు వేశారు. మొదట బెల్జియం పేరు వచ్చింది, వాళ్ళు అక్కరలేదన్నారు. ఆ తర్వాత వచ్చిన పేరు వేల్సు.

1958 జనవరి 15న ఇస్రాయేలులో వేల్సు 2-0తో గెలిచింది. రెండవ మ్యాచి ఫిబ్రవరి 5న కార్డిఫ్‌లోని నీనియన్ పార్కులో. అదే రోజున మాంచెస్టర్ జట్టుకు యుగొస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో రెడ్‌స్టార్ జట్టుతో యూరపు కప్పు పోటీ పడింది. మర్ఫీ మనస్సు బెల్‌గ్రేడ్ వైపే లాగింది. బస్బీ మాత్రం, నీ దేశం పని నీవు చూసుకో అని చెప్పి పంపించాడు. విమానంలో మామూలుగా బస్బీ పక్కన కూర్చునేది మర్ఫీ. ఈసారి ఆ చోట కోచి బర్ట్ వాలీ కూర్చున్నాడు.

ఫిబ్రవరి 6

కార్డిఫ్‌లో వేల్సు మళ్ళీ 2-0తో గెలిచింది. తన దేశం మొట్టమొదటిసారి ప్రపంచ పోటీలకు వెళుతున్నది. బెల్‌గ్రేడ్ నుంచి కూడా మంచి కబురే వచ్చింది: మ్యాచి 3-3తో ముగిసింది, రెండు మ్యాచీల లెక్కలో మాంచెస్టరే పైచేయి. మర్నాడు మర్ఫీ రైలెక్కి మాంచెస్టరు బయలుదేరాడు. అంత సంతోషంగా ఆయన చేసిన ప్రయాణం మరొకటి వుండదు.

ఆ మధ్యాహ్నమే మాంచెస్టర్ జట్టు విమానం పెట్రోలు పోయించుకోవడానికి జర్మనీలోని మ్యూనిక్‌లో దిగింది. నేలంతా మంచు. పైకి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి ఆగిపోయారు. మూడవసారి పరుగెత్తేటప్పుడు దారి మీద కరిగిన మంచు బురద విమానం వేగాన్ని పట్టి ఆపింది. విమానం కంచె దాటి ఒక ఇంటిని గుద్దుకున్నది. అందులో వున్న 44 మందిలో 23 మంది చనిపోయారు. వారిలో ఎనిమిదిమంది ఆటగాళ్ళు. అందరూ ఇరవైలలో వున్నవారే. బర్ట్ వాలీ కూడా పోయాడు.

మర్ఫీకి ఇదేమీ తెలియదు. స్టేషనులో దిగి, టాక్సీలో ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానానికి వచ్చాడు. బస్బీగారి సెక్రటరీ అల్మా జార్జి ఎదురై సంగతి చెప్పింది. మొదట ఆయన చెవికి ఎక్కలేదట. ఆమె మళ్ళీ మళ్ళీ చెప్పవలసి వచ్చింది. అప్పుడు తన గదిలోకి వెళ్ళి ఒంటరిగా కూర్చుని ఏడ్చాడు. తన చోటులో మరొకరు కూర్చుని వెళ్ళారన్న మాట ఆయనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు.

మర్నాడు మ్యూనిక్ వెళ్ళాడు. ఆస్పత్రిలో బస్బీ ఆక్సిజను గుడారం కింద వున్నాడు; బతుకుతాడన్న ఆశ డాక్టర్లకే లేదు. ఆ స్థితిలో బస్బీ ఆయన చెయ్యి పట్టుకుని, జెండా కింద పడనివ్వకు అని మాత్రం అన్నాడట. మరొక మంచం మీద డంకన్ ఎడ్వర్డ్స్. ఆ పిల్లవాడు గురువును గుర్తుపట్టి, శనివారం నాటి మ్యాచి ఎన్ని గంటలకు అని అడిగాడని చెబుతారు. పదిహేను రోజులు మృత్యువుతో పోరాడి ఫిబ్రవరి 21న అతను కన్నుమూశాడు. వయస్సు 21.

పాదుకలు

అయోధ్యాకాండలో భరతుడి ఘట్టం పాఠం చెప్పేటప్పుడు మా కాలేజీ పిల్లలు ఏటా ఒక ప్రశ్న వేస్తూ వుంటారు: "చేతికి వచ్చిన సింహాసనం మీద పాదుకలు పెట్టి తను కింద కూర్చునేవాడు ఎక్కడైనా వుంటాడా సార్?" పురాణం కదా అని తప్పించుకోను. జిమ్మీ మర్ఫీ 1958లో చేసిన పని చెబుతాను. ఒక్క భేదం వుంది. భరతుడి చేతికి వచ్చిన రాజ్యం చెక్కుచెదరనిది. మర్ఫీ చేతికి వచ్చింది మసి.

క్లబ్బును మూసివేయవలసిందేనన్న మాట కూడా ఊళ్ళో వినిపించింది. మర్ఫీ ఒప్పుకోలేదు. విమానం నుంచి దెబ్బలు లేకుండా బయటపడ్డ ఇద్దరిని, గోల్‌కీపరు హారీ గ్రెగ్‌ను, బిల్ ఫోక్స్‌ను, వెంటబెట్టుకుని రైల్లోనూ ఓడలోనూ ఇంగ్లండుకు తీసుకువచ్చాడు. శవపేటికలు వచ్చాయి. ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి తల్లిదండ్రులను పలకరించడం, ఒక్కొక్క అంత్యక్రియకూ నిలబడడం, మధ్యాహ్నం వచ్చి మైదానంలో ఆటగాళ్ళను వెతుక్కోవడం ఆయన దినచర్య అయింది. ఊరిలో వుంటే కుర్రవాళ్ళు ఏడుపు తప్ప మరేమీ చూడలేరని, వాళ్ళను సముద్రపుటొడ్డున బ్లాక్‌పూల్‌కు తీసుకుపోయి ఒక హోటల్లో వుంచాడు. బ్లాక్‌పూల్ క్లబ్బు నుంచి ఎర్నీ టేలర్ అనే పాత ఆటగాణ్ణి కొన్నాడు. బిషప్ ఆక్లండ్ అనే ఔత్సాహికుల క్లబ్బు, డబ్బు కోసం ఆడనివారి క్లబ్బు, తన ఆటగాళ్ళను సాయం పంపింది.

ప్రమాదం జరిగిన పదమూడవ రోజున, ఫిబ్రవరి 19న, కప్పు పోటీలో షెఫీల్డ్ వెన్స్‌డేతో మ్యాచి. 1935లో వెంబ్లీలో మర్ఫీని ఓడించిన జట్టే అది. మైదానంలో అమ్మే కార్యక్రమ పత్రికలో మాంచెస్టర్ జట్టు వుండవలసిన చోట పదకొండు ఖాళీ గీతలు అచ్చువేశారు. ఎవరు ఆడతారో అచ్చుకు పోయేనాటికి ఎవరికీ తెలియదు. స్టాన్ క్రౌథర్ అనే ఆటగాడి కాగితాల మీద సంతకాలు ఆట మొదలయ్యే ముందు కాస్తలో పూర్తయ్యాయి. దాదాపు 60,000 మంది జనం. ఎక్కువమంది గుండెల మీద నల్లగుడ్డ. అంతకుముందు పెద్దజట్టులో ఎన్నడూ ఆడని షే బ్రెనన్ అనే కుర్రవాడు రెండు గోళ్ళు కొట్టాడు. మాంచెస్టర్ 3-0తో గెలిచింది.

తర్వాతి మ్యాచి, విధి ఎంత వింతదో చూడండి, వెస్ట్ బ్రామ్విచ్ ఆల్బియన్‌తో. మర్ఫీ యౌవనమంతా గడిపిన క్లబ్బుతో. మొదటి ఆట 2-2. రెండవ ఆటలో కాలిన్ వెబ్‌స్టర్ చివరి నిమిషంలో కొట్టిన గోలుతో 1-0. ఈ వెబ్‌స్టర్ కూడా వేల్సువాడే. ఆ తర్వాత ఫుల్‌హామ్. మే 3న మాంచెస్టర్ జట్టు వెంబ్లీలో ఫైనల్ ఆడింది. చొక్కాల మీద బూడిదలోంచి లేచే ఫీనిక్సు పక్షి బొమ్మ. బోల్టన్ చేతిలో 2-0తో ఓడిపోయింది. బస్బీ చేతికర్ర పట్టుకుని వచ్చి ఆ ఆట చూశాడు. కాని జట్టును మైదానంలోకి నడిపించుకు వచ్చినవాడు మర్ఫీ.

ఇందులో అబద్ధపు వెలుగు పూయనక్కరలేదు. లీగు పోటీల్లో ప్రమాదం తర్వాత ఆ జట్టు గెలిచింది ఒక్క మ్యాచే. యూరపు కప్పులో ఇటలీకి చెందిన మిలాన్ జట్టును స్వంత ఊళ్ళో 2-1తో ఓడించినా, మిలాన్‌లో 4-0తో ఓడి బయటికి వచ్చింది. గెలుపు ఓటముల లెక్క కాదు అది. క్లబ్బు తలుపు మూతపడలేదు, అదీ లెక్క.

స్వీడనులో

మిలాన్‌లో ఓడింది మే 14న. జూన్ 8న వేల్సు ప్రపంచ పోటీల మొదటి మ్యాచి. నడుమ నెలరోజులు కూడా లేవు. మరొకరైతే ఆరోగ్యం బాగాలేదని చెప్పి తప్పుకునేవారు. ఎవరూ తప్పుపట్టేవారు కారు. మర్ఫీ బయలుదేరాడు.

నాలుగు బ్రిటిష్ దేశాలూ ప్రపంచ పోటీల్లో పాల్గొన్నది ఆ ఒక్క ఏడే. అందరికన్న తక్కువ ఆశలు వేల్సు మీద. వారి పెద్ద దిక్కు జాన్ చార్లెస్. ఇటలీలో జువెంటస్ క్లబ్బుకు ఆడే ఆ ఆజానుబాహువును అక్కడివారు మంచి రాక్షసుడు అని ముద్దుగా పిలిచేవారు. అంతటి బలశాలి ఎవరినీ కావాలని గుద్దేవాడు కాదు. ఇటలీవారు వదలడానికి తాత్సారం చేసి ఆఖరి ఘడియలో పంపించారు. గోల్‌కీపరు జాక్ కెల్సీ, కెప్టెను డేవ్ బోవెన్, ముందు వరసలో ఐవర్ ఆల్‌చర్చ్, క్లిఫ్ జోన్స్. పేరున్నవారు నలుగురైదుగురు, తక్కినవారు కష్టజీవులు.

మొదటి మ్యాచి హంగరీతో. నాలుగేళ్ళ క్రితం ప్రపంచ ఫైనల్ ఆడిన జట్టది. జాన్ చార్లెస్ తలతో కొట్టిన గోలుతో 1-1. తర్వాత మెక్సికోతో 1-1. ఆట ముగుస్తుందనగా గోలు ఇచ్చుకున్నారు. ఆతిథ్యమిచ్చిన స్వీడనుతో 0-0. మూడు మ్యాచిలూ సమం. హంగరీకి కూడా అన్నే పాయింట్లు. ఆనాటి నియమం ప్రకారం ఆ రెండు జట్లూ మళ్ళీ ఆడాలి. జూన్ 17న ఆడారు. చూడడానికి వచ్చిన జనం మూడువేలు కూడా లేరు. హంగరీ ముందు గోలు కొట్టింది. జాన్ చార్లెస్‌ను కాళ్ళ మీద తన్ని తన్ని కుంటివాణ్ణి చేశారు. అప్పుడు ఆల్‌చర్చ్ గాలిలో వచ్చిన బంతిని నేల తాకకముందే కొట్టి సమం చేశాడు. టెర్రీ మెడ్విన్ రెండవ గోలు కొట్టాడు. 2-1. చీటీలో పేరు వచ్చిన దేశం ప్రపంచంలో చివరి ఎనిమిది జట్లలో ఒకటి అయింది. ఇంగ్లండు, స్కాట్లండు ఇంటి దారి పట్టాయి.

రెండు రోజుల తర్వాత, జూన్ 19న, గోథెన్‌బర్గ్‌లో బ్రెజిలుతో మ్యాచి. జాన్ చార్లెస్ లేడు. గాయాలతో బయట కూర్చున్నాడు. ఎదురుగా గరించా, దీదీ, పెలే. మర్ఫీ తన జట్టును మ్యూనిక్ తర్వాత మాంచెస్టర్ కుర్రవాళ్ళను నిలబెట్టినట్టే నిలబెట్టాడు. గరించా అంతటివాణ్ణి మెల్ హాప్‌కిన్స్ పక్కకు కదలనివ్వలేదు. గోలు ముందు కెల్సీ గోడలా నిలిచాడు. జాన్ చార్లెస్ తమ్ముడు మెల్ చార్లెస్ నడిమి చోటు కాశాడు. గంటసేపు బ్రెజిలుకు దారి దొరకలేదు. ఆ తర్వాత పెలే గోలుకు వీపు పెట్టి బంతి అందుకుని, ఒక్క తాకుడుతో తిప్పుకుని కొట్టాడు. బంతి వేల్సు ఆటగాడి కాలికి తగిలి దారి మారి మూలకు దొర్లింది. 1-0. ఆ బ్రెజిలే తర్వాత ఫ్రాన్సు మీద అయిదు గోళ్ళు, ఫైనల్లో స్వీడను మీద అయిదు గోళ్ళు కొట్టింది. వేల్సు మీద ఒక్కటే కొట్టగలిగింది. జాన్ చార్లెస్ ఆడి వుంటే ఏమయ్యేదో అని వేల్సులో ముసలివారు చాలాకాలం చెప్పుకున్నారు.

మళ్ళీ పాత కుర్చీ

ఆ వేసవి తర్వాత బస్బీ కోలుకుని పనిలోకి వచ్చాడు. మర్ఫీ లేచి పక్కకు జరిగాడు. తన గొప్ప గురించి పత్రికలకు ఎక్కలేదు, జీతం గురించి బేరమాడలేదు. ఆర్సెనల్, జువెంటస్ వంటి క్లబ్బులు, బ్రెజిలు దేశం కూడా ఆయన్ను పిలిచాయని చెబుతారు. ఎక్కడికీ పోలేదు. మసిలోంచి లేపిన ఆ జట్టు 1959లో లీగు పోటీల్లో రెండవ స్థానం సంపాదించింది.

వేల్సు మేనేజరు పని 1964 దాకా చేశాడు. 1962 ప్రపంచ పోటీలకు స్పెయిను అడ్డు రావడంతో వెళ్ళలేకపోయారు. ఆయన తర్వాత ఆ పని స్వీడనులో ఆయన కెప్టెను అయిన డేవ్ బోవెన్‌కు వచ్చింది. మాంచెస్టరులో మాత్రం పిల్లల పెంపకం సాగుతూనే వున్నది. 1968 మే 29న వెంబ్లీలో పోర్చుగల్‌కు చెందిన బెన్‌ఫికాను 4-1తో ఓడించి మాంచెస్టర్ యూరపు కప్పు గెలిచింది. మ్యూనిక్ విమానంలోంచి బయటపడిన చార్ల్టన్, ఫోక్స్ ఇద్దరూ ఆ రోజు ఆడారు. పదేళ్ళ క్రితం అడ్డుపడిన పని పూర్తయింది. లోకమంతా బస్బీని పొగిడింది, అది న్యాయమే. పక్కన నిలబడిన మర్ఫీ 1971 దాకా ఆ క్లబ్బు పనిలోనే వుండి, 1989 నవంబరు 14న తన 79వ ఏట పరమపదించాడు.

మనం పిల్లలకు మొదటి స్థానం గురించే నూరిపోస్తాము. క్లాసులో మొదటి ర్యాంకు, ఆఫీసులో పెద్ద కుర్చీ. రెండవ స్థానం అంటే అందనిదాన్ని చూసి సరిపెట్టుకున్నవాడి చోటు అని మన అభిప్రాయం. మర్ఫీ బతుకు చూస్తే ఆ మాట నిలవదు. మొదటి కుర్చీలో కూర్చోవలసి వచ్చినప్పుడు ఆయన ఎవరికీ తీసిపోలేదు. తన దేశాన్ని ప్రపంచంలో ఎనిమిదింటిలో ఒకటిగా నిలిపాడు, మాంచెస్టరులో ఆరిపోబోయిన దీపం పట్టుకు నిలబడ్డాడు. ఆ చేవ వుండి కూడా పక్కకు జరగగలిగాడు కనుకనే ఆ త్యాగానికి విలువ. చేతకానివాడు పక్కకు జరిగితే అది త్యాగం కాదు కదా.

మాంచెస్టర్ క్లబ్బు ఏటా తన కుర్రవాళ్ళలో మేలైనవాడికి ఇచ్చే బహుమతికి మర్ఫీ పేరు పెట్టింది. 2023 మే నెలలో ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం దగ్గర ఆయన విగ్రహం నిలబెట్టారు. ప్రమాదం జరిగి అప్పటికి అరవై అయిదేళ్ళు.

వేల్సు సంగతి చెప్పి ముగిస్తాను. 1958 తర్వాత ఆ దేశం మళ్ళీ ప్రపంచ పోటీల మైదానంలో అడుగుపెట్టడానికి 64 ఏళ్ళు పట్టింది. 2022లో ఖతార్‌కు ఆ జట్టును తీసుకువెళ్ళిన మేనేజరు రాబ్ పేజ్. ఆయన కూడా ఒకప్పుడు వేల్సుకు ఆడినవాడే. అక్కడ వేల్సు ఒక మ్యాచి సమం చేసి రెండు ఓడింది. మర్ఫీ చేరినంత దూరం చేరలేకపోయింది. అయితే ఒక్క సంగతి గమనించదగ్గది. ఇంతవరకు వేల్సు ప్రపంచ పోటీలకు వెళ్ళింది రెండేసార్లు. రెండుసార్లూ తీసుకువెళ్ళినవారు ఒకే లోయ బిడ్డలు. పేజ్ పుట్టి పెరిగింది కూడా ఆ రోండా బొగ్గు లోయలోనే.